సర్వర్ల లాగ్‌లు ఒకచోటికి చేర్చే ముందు ఏది ఎటు వెళ్ళాలో తేల్చుకోండి

మీరు రాసినదాన్ని బట్టి పరిస్థితి ఇదీ. తిరుపతిలో లాడ్జీలకు గదుల బుకింగ్ సాఫ్ట్‌వేర్ నడిపే చిన్న కంపెనీ మీది. 12 లినక్స్ సర్వర్లు, 2 విండోస్ సర్వర్లు, ఒక ఫైర్‌వాల్ ఉన్నాయి. వాటిలో మూడు సర్వర్లు చిత్తూరు బ్రాంచ్‌లో ఉన్నాయి. ఏ సర్వర్ లాగ్ (అందులో జరిగేవాటి వరుస నమోదు) ఆ సర్వర్లోనే పడుతోంది. పోయిన వారం రాత్రిపూట ఒకదాంట్లో డిస్క్ నిండి డేటాబేస్ ఆగింది. పెద్ద ఫైల్ డిలీట్ చేసినా చోటు రాలేదు, రీస్టార్ట్ చేశాక వచ్చింది. తీరా కారణం వెతుకుదామంటే ఆ గంట తాలూకు లాగే కనబడలేదు. ఇప్పుడు మేనేజర్ అన్నీ ఒకచోటికి తెమ్మని 16 జీబీ ర్యామ్ ఉన్న మిషన్ ఒకటి చేతిలో పెట్టారు. ఆఫీసులో ఒకరు ఎలాస్టిక్‌సెర్చ్ (రాసినదంతా ఇండెక్స్ చేసి వెతికిపెట్టే సాఫ్ట్‌వేర్) అంటున్నారు, ఇంకొకరు కాఫ్కా (ఈవెంట్లను నిల్వ ఉంచి చాలా సిస్టమ్‌లకు అందించే సాఫ్ట్‌వేర్) అంటున్నారు. "అన్నా, ఏది ఇన్‌స్టాల్ చేయమంటారు?" అని అడిగారు.

తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల ఇలాంటి చిన్న, మధ్యతరహా కంపెనీల సర్వర్లు చూసుకోవడమే చాలా ఏళ్ళుగా నా పని. కాబట్టి సూటిగా చెప్తాను. ఈ వారం ఏదీ ఇన్‌స్టాల్ చేయొద్దు. ఏ సర్వర్లో ఏ రకం ఈవెంట్లు పుడుతున్నాయి, అవి ఎవరికి కావాలి, ఎన్నాళ్ళు ఉండాలి, మధ్యలో దారి తెగితే ఎక్కడ ఆగి ఉండాలి అన్నవి ముందు కాగితం మీద పెట్టండి. అది తేలితే టూల్ దానంతట అదే తేలుతుంది. అది తేలకుండా పెట్టిన సెంట్రల్ లాగ్ సర్వర్ ఆర్నెల్లు తిరక్కుండానే నిండిపోయి, ఎవరూ తెరిచి చూడని మిషన్‌గా మూలన పడి ఉండటం చాలాచోట్ల చూశాను.

ముందు డిస్క్ సంగతి, ఎందుకంటే అది మళ్ళీ ఈ రాత్రికే జరగొచ్చు.

మీ డేటాబేస్ ఫైళ్ళు, లాగ్‌లు రెండూ వార్ (/var) అనే ఒకే పార్టిషన్‌లో, అంటే డిస్క్‌లో ఒకే భాగంలో, ఉన్నాయని మీరు పెట్టిన అవుట్‌పుట్‌లో కనబడుతోంది. చోటు అయిపోతే మీ డేటాబేస్ మైఎస్‌క్యూఎల్ వెంటనే పడిపోదు. రాయడం ఆపేసి, నిమిషానికోసారి చోటు వచ్చిందా అని చూసుకుంటూ ఉంటుంది. బయట ఉన్నవాళ్ళకు మాత్రం సైట్ అలా తిరుగుతూనే ఉన్నట్టు కనిపిస్తుంది. అందుకే మొదటి పని, లాగ్ డైరెక్టరీకి వేరే పార్టిషన్ ఇవ్వడం. అప్పుడు లాగ్‌లు నిండినా వాటి చోటే నిండుతుంది, బుకింగులు ఆగవు.

ఫైల్ డిలీట్ చేసినా చోటు రాకపోవడానికి కారణం ఉంది. అప్లికేషన్ ఆ ఫైల్‌ని ఇంకా తెరిచే ఉంచుకుంది. డైరెక్టరీలో పేరు పోయింది గానీ డిస్క్ మీద బ్లాకులు అలాగే ఉన్నాయి. డీఎఫ్ (డిస్క్ మొత్తం వాడకం చూపే కమాండ్) చూపించే లెక్కకూ డీయూ (ఫైళ్ళ సైజులు కూడి చూపే కమాండ్) చూపించే లెక్కకూ పొంతన లేకపోతే నూటికి తొంభై పాళ్ళు ఇదే. ఎల్‌ఎస్‌ఓఎఫ్ కమాండ్‌తో డిలీట్ అయినా తెరిచే ఉన్న ఫైళ్ళు చూడండి, ఏ ప్రాసెస్ పట్టుకుందో తెలుస్తుంది. దాన్ని రీలోడ్ చేస్తే చాలు, మొత్తం సర్వర్‌ని రీస్టార్ట్ చేయాల్సిన పని లేదు.

ఆ రీస్టార్టే మీ లాగ్‌ని మింగేసి ఉండొచ్చు. సిస్టమ్‌డీ జర్నల్ (లినక్స్‌లో సర్వీసుల లాగ్ పట్టే భాగం) డిఫాల్ట్ చాలా వెర్షన్లలో ఎలా ఉంటుందంటే, వార్ లాగ్ (/var/log) కింద జర్నల్ అనే డైరెక్టరీ ఉంటే అందులో రాస్తుంది, లేకపోతే రన్ (/run) కింద మెమరీలో రాస్తుంది. మెమరీలో ఉన్నది రీబూట్‌తో పోతుంది. కొన్ని డిస్ట్రిబ్యూషన్లలో ఆ డైరెక్టరీ ముందే ఉంటుంది, కొన్నింటిలో ఉండదు. మీ సర్వర్లన్నింటిలో ఉందో లేదో ఈరోజే చూసుకోండి, లేకపోతే సృష్టించండి. డిస్క్ మీద రాసే జర్నల్‌కి గరిష్ఠ పరిమాణం డిఫాల్ట్‌గా ఆ ఫైల్ సిస్టమ్‌లో పదో వంతు, అదీ 4 జీబీకి మించదు. చిన్న డిస్కులున్న సర్వర్లలో ఆ పరిమితిని మీరే తగ్గించి పెట్టుకోవడం మంచిది.

పాత లాగ్ ఫైళ్ళను పక్కకు తిప్పే లాగ్‌రొటేట్ కూడా ఒకసారి తెరిచి చూడండి. మామూలుగా వచ్చే కాన్ఫిగరేషన్‌లో వారానికోసారి తిప్పి, నాలుగు పాత ఫైళ్ళు మాత్రమే ఉంచుతుంది. అంటే నెల దాటినది ఏదీ ఉండదు. ఇది ఎందుకు సరిపోదో కింద చెప్తాను. కాపీ చేసి ఖాళీ చేసే పద్ధతి కొందరు వాడతారు. కాపీ పూర్తయ్యాక, ఖాళీ చేసేలోపు పడిన లైన్లు అందులో పోతాయి. అప్లికేషన్ సిగ్నల్ అందుకోగలిగినదైతే పేరు మార్చి, సిగ్నల్ పంపి, కొత్త ఫైల్ తెరిపించండి.

ఇక అసలు విషయం. ఈవెంట్లను వేరు చేయడం అనగానే చాలామంది తీవ్రతను బట్టి విడగొడతారు: ఎర్రర్, ఆ పైవి సెంట్రల్‌కి, ఇన్ఫో, డీబగ్ అక్కడే పారేయడం. చూడటానికి సబబుగానే ఉంటుంది. కానీ ఒక్క లైన్ తీసుకుని దగ్గరగా చూడండి.

మీ లినక్స్ సర్వర్‌కి బయట నుంచి ఎవరో ఎస్‌ఎస్‌హెచ్‌తో (దూరం నుంచి సర్వర్లోకి లాగిన్ అయ్యే పద్ధతి) రూట్ (అన్ని అధికారాలున్న ఖాతా) పేరు మీద తప్పు పాస్‌వర్డ్ కొట్టారనుకోండి. ఆ ఈవెంట్ సిస్‌లాగ్ (లాగ్‌లు పంపే ప్రామాణిక పద్ధతి) రూపంలో నెట్‌వర్క్ మీద వెళ్ళేటప్పుడు ముందు కోణాకార బ్రాకెట్లలో ఒక సంఖ్య ఉంటుంది. రెడ్‌హ్యాట్ కుటుంబం సర్వర్ అయితే అది 86. సిస్‌లాగ్‌లో ఈ సంఖ్య లెక్క చాలా తేలిక: ఫెసిలిటీ సంఖ్యను 8తో గుణించి సివియారిటీ కలుపుతారు. ఫెసిలిటీ అంటే ఏ విభాగం నుంచి వచ్చిందో, సివియారిటీ అంటే ఎంత తీవ్రమైనదో. ఫెసిలిటీలు 0 నుంచి 23 వరకు, సివియారిటీలు 0 నుంచి 7 వరకు. 0 అంటే అత్యవసరం, 7 అంటే డీబగ్. 86ని విడదీస్తే 10 ఎనిమిదులు 80, మిగిలింది 6. ఫెసిలిటీ 10 అంటే ఆత్‌ప్రివ్, అంటే లాగిన్ వ్యవహారాలు. సివియారిటీ 6 అంటే ఇన్ఫో. ఉబుంటులో ఇదే లైన్ 38గా వస్తుంది, అక్కడ ఫెసిలిటీ 4. సివియారిటీ మాత్రం అదే 6.

అంటే మీ సర్వర్లోకి చొరబడే ప్రయత్నం "ఇన్ఫో" గానే నమోదవుతోంది. ఇన్ఫో అంతా పారేయమని రూల్ రాస్తే, రేపు ఏదైనా జరిగినప్పుడు మొట్టమొదట వెతికే లైనే మీ దగ్గర ఉండదు. అటు వెబ్ సర్వర్ ఎర్రర్ లాగ్‌లో ఎవడో బాట్ లేని ఫైల్ అడిగినందుకు వేలాది ఎర్రర్లు పడుతుంటాయి, వాటితో ఎవరికీ పని లేదు. తీవ్రత అన్నది ఆ ప్రోగ్రామ్ రాసిన మనిషి తన ప్రోగ్రామ్ వైపు నుంచి పెట్టిన ముద్ర. మీ కంపెనీకి ఆ ఈవెంట్ ఎంత ముఖ్యమో అతనికి తెలిసే అవకాశం లేదు.

అందుకే నేను ఎవరికి కావాలన్నదాన్ని బట్టి విడగొడతాను. లాగిన్లు, సుడో (రూట్ అధికారంతో కమాండ్ నడపడం) వాడకం, ఫైర్‌వాల్ నిరాకరణలు, వీపీఎన్ కనెక్షన్లు: ఇవి భద్రత కోసం, గెలిచినవీ ఓడినవీ రెండూ కావాలి. తప్పు పాస్‌వర్డ్‌లు వెయ్యి పడ్డాక ఒక సక్సెస్ పడిందా లేదా అన్నదే అక్కడ అసలు ప్రశ్న, ఓడినవి మాత్రమే దాచుకుంటే దానికి జవాబు దొరకదు. అప్లికేషన్ ఎర్రర్లు, నెమ్మదిగా నడిచిన డేటాబేస్ క్వెరీలు డెవలపర్ల కోసం, రెండు వారాలు వెతకగలిగేలా ఉంటే వాళ్ళకు చాలు. గది బుక్ అయింది, రద్దయింది, డబ్బు తిరిగి వెళ్ళింది అన్న ఈవెంట్లను అసలు లాగ్ అనుకోకండి. అవి డేటాబేస్‌లో సొంత టేబుల్‌లో, ట్రాన్సాక్షన్‌తో పాటే రాయాల్సిన రికార్డులు. లాగ్ పైపులో అప్పుడప్పుడు ఒక లైన్ పోవచ్చు, డబ్బు లెక్కలో పోకూడదు. మిగిలింది లోడ్ బ్యాలెన్సర్ (రిక్వెస్టులను సర్వర్లకు పంచేది) పది సెకన్లకోసారి సర్వర్ బతికే ఉందా అని చేసే హెల్త్ చెక్, బొమ్మల ఫైళ్ళ యాక్సెస్ లైన్లు లాంటివి. హెల్త్ చెక్‌లను పుట్టినచోటే ఆపేయండి. మీరు పంపిన నమూనాలో సగం దాకా అవే కనిపించాయి.

ఎన్నాళ్ళు ఉంచాలన్నది మన ఇష్టం మాత్రమే కాదు. 2022 ఏప్రిల్ 28న సెర్ట్-ఇన్ (సైబర్ భద్రత ఘటనలు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) ఐటీ చట్టం 70బీ సెక్షన్ కింద ఇచ్చిన ఆదేశాల ప్రకారం సర్వీస్ ప్రొవైడర్లు, డేటా సెంటర్లు, కంపెనీలు, ప్రభుత్వ సంస్థలు తమ సిస్టమ్‌ల లాగ్‌లను 180 రోజుల పాటు దేశ పరిధిలో భద్రంగా ఉంచాలి. సైబర్ ఘటన జరిగిందని తెలిసిన 6 గంటల్లో ఆ సంస్థకు తెలియజేయాలి. చిన్న పరిశ్రమలకు గడువు 2022 సెప్టెంబర్ 25 వరకు పెంచారు, అదీ ఎప్పుడో దాటిపోయింది. మనది చిన్న కంపెనీ, మనల్ని ఎవరడుగుతారు అని కూర్చోవద్దు. నాలుగు వారాల లాగ్‌రొటేట్ డిఫాల్ట్‌తో ఈ 180 రోజులు ఎక్కడ కుదురుతాయి? కార్డు నంబర్లు మీ సర్వర్ల గుండా వెళ్తుంటే ఇంకా ఎక్కువ కావాలి. కార్డు చెల్లింపుల భద్రతకు ఉన్న పీసీఐ ప్రమాణం ఏడాది ఉంచమంటుంది, అందులో చివరి మూడు నెలలవి వెంటనే తీయగలిగేలా ఉండాలి. పేమెంట్ మొత్తం గేట్‌వే పేజీలోనే జరుగుతుంటే ఆ భారం మీ మీద బాగా తగ్గుతుంది.

180 రోజులు అనగానే డిస్క్ ఎంత కావాలో అని టెన్షన్ పడతారు. లెక్క వేసి చూద్దాం. అన్ని సర్వర్లూ కలిపి సెకనుకు 200 ఈవెంట్లు, ఒక్కోటి 300 బైట్లు అనుకుందాం. సెకనుకు 60,000 బైట్లు. రోజుకు 86,400 సెకన్లు, అంటే దాదాపు 5.2 జీబీ. 180 రోజులకు 930 జీబీ పైచిలుకు. అయితే లాగ్ టెక్స్ట్‌లో ఒకే మాటలు మళ్ళీమళ్ళీ వస్తాయి కాబట్టి జీజిప్‌తో కుదిస్తే సాధారణంగా పదో వంతు దరిదాపుల్లోకి వస్తుంది. అంటే 100 జీబీ లోపు. ఒక మామూలు డిస్క్‌కి ఇదొక లెక్క కాదు. ఇదే డేటాని మొత్తం ఎలాస్టిక్‌సెర్చ్‌లో ఇండెక్స్ చేసి ఆర్నెల్లు ఉంచితే కథ వేరు. ప్రతి మాటకూ ఇండెక్స్ కట్టాలి, ఆ కుదింపు రాదు, ర్యామ్ కావాలి. కాబట్టి దాచడం ఒక దారి, వెతకడం ఇంకో దారి. రెండింటినీ ఒకే డబ్బాలో కలపొద్దు.

ఇప్పుడు దారిలో పోయే లైన్ల సంగతి. దీని మీద కాస్త ఎక్కువసేపు ఉంటాను, ఎందుకంటే చాలా గైడ్‌లు ఒక్క లైన్ కాన్ఫిగరేషన్ ఇచ్చి వదిలేస్తాయి.

పాత పద్ధతి యూడీపీ, 514 పోర్ట్. పంపినవాడికి చేరిందో లేదో తెలియదు. సెంట్రల్ మిషన్ ఐదు నిమిషాలు రీస్టార్ట్ అయితే ఆ ఐదు నిమిషాలూ ఉండవు, ఎవరికీ తెలియను కూడా తెలియదు. టీసీపీ దానికంటే చాలా మేలు, కానీ అదీ పూర్తి హామీ కాదు. కనెక్షన్ తెగే క్షణంలో పంపేవాడి బఫర్‌లో ఉన్న లైన్లు వెళ్ళాయనే ఆర్‌సిస్‌లాగ్ (లినక్స్‌లో లాగ్‌లు తీసుకుని పంపే ప్రోగ్రామ్) అనుకుంటుంది, అవతల చేరి ఉండకపోవచ్చు. ఆ ఖాళీని పూడ్చడానికే రెల్ప్ అనే ప్రోటోకాల్ ఉంది, అందులో అవతలి వైపు అందిందని చెప్పాకే ఇవతల లైన్‌ని వదిలేస్తుంది. మీ లినక్స్ సర్వర్లన్నీ ఆర్‌సిస్‌లాగే వాడుతున్నాయి కాబట్టి రెల్ప్ పెట్టుకోండి, దాని మీద టీఎల్‌ఎస్ (దారిలో ఎవరూ చదవకుండా చేసే రక్షణ) వేయండి.

రెల్ప్ పెట్టినా అవతలి మిషన్ గంటలకొద్దీ లేకపోతే లైన్లు ఎక్కడో ఒకచోట ఆగాలి కదా. అదే క్యూ. తిరుమలలో వైకుంఠం క్యూ కాంప్లెక్స్ ఎందుకుందో మనకు వేరే చెప్పక్కర్లేదు. గుడి లోపల పట్టేంత మందిని మాత్రమే వదులుతూ, మిగతావాళ్ళను కంపార్ట్‌మెంట్లలో కూర్చోబెడతారు. వచ్చేవాళ్ళ వేగం, లోపలికి వెళ్ళే వేగం ఒకటి కాకపోయినా తొక్కిసలాట ఉండకూడదనే ఆ ఏర్పాటు. లాగ్ పంపే ప్రతి సర్వర్‌కీ అలాంటి ఆగే చోటు డిస్క్ మీద ఉండాలి.

ఆర్‌సిస్‌లాగ్‌లో సెంట్రల్‌కి పంపే యాక్షన్‌కి సొంత క్యూ ఇవ్వండి. టైప్ లింక్డ్‌లిస్ట్, దానికి ఒక ఫైల్ పేరు ఇస్తే మెమరీ నిండినప్పుడు డిస్క్ మీదికి దింపుతుంది. గరిష్ఠ డిస్క్ పరిమాణం రాయండి. షట్‌డౌన్‌లో సేవ్ చేయమని రాయండి. మళ్ళీ ప్రయత్నించే సంఖ్యను మైనస్ 1గా పెట్టండి, అంటే విసుగు లేకుండా ప్రయత్నిస్తూనే ఉంటుంది. పరిమాణం ఎంత? శనివారం సాయంత్రం సెంట్రల్ మిషన్ ఆగిపోయి సోమవారం పొద్దున్న గానీ మీరు చూసుకోలేదనుకోండి, 40 గంటలు. ఒక సర్వర్ సెకనుకు 15 ఈవెంట్లు, 300 బైట్లు చొప్పున పంపితే 144,000 సెకన్లకు దాదాపు 650 ఎంబీ. బ్రహ్మోత్సవాలకో వైకుంఠ ఏకాదశికో బుకింగులు ఒక్కసారిగా పెరిగే రోజులు మీకుంటాయి కాబట్టి 2 జీబీ పెట్టండి.

సొంత క్యూ అని ఎందుకు నొక్కి చెప్తున్నానంటే, అది లేకుండా టీసీపీతో పంపితే సెంట్రల్ మిషన్ ఆగినప్పుడు ఆ యాక్షన్ మెయిన్ క్యూని అడ్డుకుంటుంది. కాసేపటికి మెయిన్ క్యూ నిండుతుంది. జర్నల్ మధ్యలో లేకుండా ఆర్‌సిస్‌లాగే నేరుగా సాకెట్ చదివే సర్వర్లలో, లాగ్ రాయబోయిన ప్రతి ప్రోగ్రామూ అక్కడ ఆగిపోతుంది. ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ కూడా లాగ్ రాస్తుంది, అది కూడా ఆగుతుంది. అంటే లాగ్ సర్వర్ పడిపోయిన పాపానికి మిగతా సర్వర్లలోకి మీరే లాగిన్ కాలేని పరిస్థితి. ఏ కంపెనీకైనా ఇది చాలా పెద్ద దెబ్బ, పైగా కారణం ఎక్కడుందో అంత తొందరగా తట్టదు.

ఇంకోచోట లైన్లు నిశ్శబ్దంగా పోతాయి, అది రేటు పరిమితి. సిస్టమ్‌డీ జర్నల్ డిఫాల్ట్‌గా ఒక సర్వీస్ నుంచి 30 సెకన్లలో 10,000 మెసేజ్‌లు దాటితే మిగతావి పారేసి, ఇన్ని ఆపేశాను అని ఒక లైన్ రాస్తుంది. ఆ జర్నల్ నుంచి ఆర్‌సిస్‌లాగ్ చదివే ఐఎమ్‌జర్నల్ మాడ్యూల్‌కి ఇంకో పరిమితి ఉంది, 600 సెకన్లకు 20,000. భాగిస్తే సెకనుకు 33. మామూలు రోజున ఇది మీకు తగలదు. సరిగ్గా ఏదో విరిగిపోయి ఎర్రర్లు వరదలా పడే రోజున తగులుతుంది, ఆ రోజు లాగ్‌లే మీకు కావాల్సింది. ఐఎమ్‌జర్నల్ పరిమితిని పెంచండి. జర్నల్ పరిమితిని మాత్రం పూర్తిగా తీసేయొద్దు, అదుపు తప్పిన ఒక్క ప్రోగ్రామ్ మొత్తం డిస్క్‌ని నింపకుండా ఆపేది అదే.

చిత్తూరు బ్రాంచ్‌లో మూడు సర్వర్లూ విడివిడిగా తిరుపతికి పంపనక్కర్లేదు. వాటిలో ఒకదాన్ని రిలేగా పెట్టండి. మిగతావి దానికి ఇస్తాయి, అది పెద్ద డిస్క్ క్యూతో ఇక్కడికి పంపుతుంది. చిత్తూరు వైపు ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీకి నేను ఇలాగే పెట్టాను. తోతాపురి సీజన్‌లో యంత్రాలు రాత్రింబవళ్ళు నడుస్తాయి, నెట్ లైన్ మాత్రం గాలివానకు పోతూ వస్తూ ఉంటుంది. లైన్ వచ్చాక రిలేలో ఆగినవన్నీ వరుసగా వచ్చి చేరతాయి, ఎవరూ ఏమీ చేయక్కర్లేదు. మీ తిరుపతి ఫైర్‌వాల్‌కి కూడా ఇదే సూత్రం. అది యూడీపీ తప్ప పంపలేదన్నారు కాబట్టి అదే స్విచ్ మీదున్న సర్వర్‌కి యూడీపీలో ఇచ్చి, అక్కడి నుంచి రెల్ప్‌లో పంపండి. యూడీపీ ఎంత తక్కువ దూరం నడిస్తే అంత మంచిది.

గడియారాల విషయం చిన్నదిగా కనబడుతుంది గానీ, దాన్ని సరిచేయకుండా అన్నీ ఒకచోట చేర్చితే గందరగోళం పెరుగుతుందే తప్ప తగ్గదు. పాత సిస్‌లాగ్ ఫార్మాట్‌లో, అంటే 2001లో ఆర్‌ఎఫ్‌సీ 3164 అనే పత్రంగా నమోదైనదాంట్లో, సమయానికి సంవత్సరం ఉండదు, టైమ్‌జోన్ ఉండదు. ఫైర్‌వాల్ యూటీసీలో (అంతర్జాతీయ ప్రామాణిక సమయం), సర్వర్ మన సమయంలో రాస్తుంటే ఒకే ఘటన ఐదున్నర గంటల తేడాతో రెండుచోట్ల కనబడుతుంది. 2009 నాటి ఆర్‌ఎఫ్‌సీ 5424 ఫార్మాట్‌లో రెండూ ఉంటాయి, దానికే మారండి. అన్ని యంత్రాల్లో క్రోనీ (గడియారం సరిచేసే ప్రోగ్రామ్) పెట్టి ఎన్‌ఐసీ (నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్) నడిపే సమయ్ సర్వర్లకో, నేషనల్ ఫిజికల్ ల్యాబొరేటరీ సర్వర్‌కో, వాటికి కలిసే సర్వర్లకో కట్టండి. సెర్ట్-ఇన్ ఆదేశాల్లో ఇది కూడా ఉంది.

విండోస్ సర్వర్లు సిస్‌లాగ్ మాట్లాడవు, వాటికి ఎన్‌ఎక్స్‌లాగ్ లాంటి ఏజెంట్ కావాలి. సెక్యూరిటీ లాగ్ నుంచి ముందుగా 4624, 4625, 1102 పంపండి. మొదటిది లాగిన్ అయినట్టు, రెండోది విఫలమైనట్టు, మూడోది ఎవరో ఆడిట్ లాగ్‌నే తుడిచేసినట్టు. 1102 పడితే ఫోన్ మోగాలి. ఆ సెక్యూరిటీ లాగ్ డిఫాల్ట్ పరిమాణం 20 ఎంబీ, నిండితే పాతవి పోతాయి, దాన్నీ పెంచండి.

మీ జావా అప్లికేషన్ స్టాక్ ట్రేస్ (ఎర్రర్ ఎక్కడ పుట్టిందో చూపే జాబితా) ఒకటి పడితే ఎనభై లైన్లు పడుతోంది, సెంట్రల్‌కి చేరేసరికి అవి ఎనభై ఈవెంట్లు, మధ్యలో వేరే సర్వర్ల లైన్లు కలిసిపోయి ఉంటాయి. వాటిని పుట్టినచోటే కలపాలి, తర్వాత కలపడం కుదరదు. లాగ్‌ని జేసాన్‌గా (పేరు, విలువ జతలుగా రాసే ఫార్మాట్), ఒక ఈవెంట్‌కి ఒక లైన్‌గా రాయమని డెవలపర్లను అడగండి. దాంతోపాటు ప్రతి రిక్వెస్ట్‌కీ ఒక ఐడీ పెట్టి, వెబ్ సర్వర్ నుంచి డేటాబేస్ క్వెరీ దాకా అదే ఐడీ లాగ్‌లో పడేలా చూడమనండి. "రేణిగుంటలో దిగాను, డబ్బు కట్ అయింది, రూమ్ రాలేదు" అని యాత్రికుడు ఫోన్ చేస్తే ఆ ఒక్క ఐడీతో మొత్తం దారి కనబడుతుంది.

మీరు అడగలేదు గానీ తప్పకుండా చెప్పాల్సినది ఒకటుంది. లాడ్జీ బుకింగ్ అంటే ఆధార్ నంబర్లు, ఫోన్ నంబర్లు, కుటుంబసభ్యుల పేర్లు. మీరు అతికించిన నమూనా లాగ్‌లో ఓటీపీ యూఆర్ఎల్‌లోనే ఉంది, అది యాక్సెస్ లాగ్‌లో యథాతథంగా పడింది. దయచేసి ముందు ఆ నమూనా తీసేయండి. ఎక్కడెక్కడి నుంచో దేవుడి మీద నమ్మకంతో వచ్చేవాళ్ళు గది కోసం ఇచ్చిన వివరాలవి. లాగ్‌లన్నీ ఒకచోట చేరితే ఆ వివరాలూ ఒకచోట చేరతాయి, ఎవరైనా కొల్లగొట్టడానికి పని సులువవుతుంది. ఓటీపీ, పాస్‌వర్డ్, టోకెన్ అసలు లాగ్‌లోకే రాకూడదు. ఆధార్ నంబర్‌లో చివరి నాలుగు అంకెలు తప్ప మిగతావి అప్లికేషన్‌లోనే, లాగ్ రాసే ముందే కప్పేయాలి. సెంట్రల్‌కి వచ్చాక కప్పుదామంటే అప్పటికే క్యూ ఫైళ్ళలో, రిలేలో, బ్యాకప్‌లో కాపీలు పడి ఉంటాయి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా ఈ బాధ్యతను మీ కంపెనీ మీదే పెడుతుంది.

ఇక మీరు అడిగిన టూల్. ఆ 16 జీబీ మిషన్ మీద ఆర్‌సిస్‌లాగ్ రిసీవర్ పెట్టండి. వచ్చినదాన్ని రెండు దారులుగా చీల్చండి, రెండింటికీ వేర్వేరు క్యూలు ఇవ్వండి. ఒక దారిలో అన్నీ సర్వర్‌కి ఒక డైరెక్టరీ, రోజుకొక ఫైల్ చొప్పున పడతాయి, మర్నాడు కుదించి 180 రోజులు దాటాక తీసేయండి. రెండో దారిలో భద్రత ఈవెంట్లు, అప్లికేషన్ ఎర్రర్లు లోకి (Loki) అనే లాగ్ వెతికే టూల్‌కి వెళ్తాయి, గ్రఫానాలో (వాటిని తెర మీద చూపే టూల్) చూసుకోండి, 14 రోజులు చాలు. లోకి లేబుళ్ళకు మాత్రమే ఇండెక్స్ కడుతుంది కాబట్టి ఈ మిషన్‌లో హాయిగా నడుస్తుంది. లేబుళ్ళుగా సర్వర్ పేరు, సర్వీస్ పేరు లాంటివే పెట్టండి. ఐపీ అడ్రస్, కస్టమర్ ఐడీ లేబుళ్ళుగా పెడితే అది కుంగిపోతుంది. రేపు లోకి పడిపోయినా మొదటి దారి ఆగదు, అదే దీనిలో ఉన్న లాభం.

ఎలాస్టిక్‌సెర్చ్ మంచిదే, కానీ దానికి ర్యామ్‌లో సగం హీప్‌కి (దాని సొంత మెమరీకి), మిగతాది ఫైల్ క్యాష్‌కి ఇవ్వాలి, ఆ మిషన్‌లో ఇంకేమీ పట్టదు. డిస్క్ 95 శాతం దాటితే అది ఇండెక్సులకు రాత ఆపేస్తుంది, దాన్ని రోజూ చూసుకునే మనిషి ఉండాలి. కాఫ్కా మీకు వద్దు. ఒకే ఈవెంట్ ప్రవాహాన్ని నాలుగైదు వేర్వేరు సిస్టమ్‌లు తమ తమ వేగంతో చదవాల్సి వచ్చినప్పుడు, పాతవి మళ్ళీ మొదటి నుంచి నడిపించాల్సి వచ్చినప్పుడు దాని అవసరం. సెకనుకు 200 ఈవెంట్లకు దాన్ని పెడితే, మీ బుకింగ్ సాఫ్ట్‌వేర్ కంటే దాన్ని కాపాడుకోవడానికే ఎక్కువ సమయం పోతుంది. ఆర్‌సిస్‌లాగ్ బదులు ఫ్లూయెంట్ బిట్ (అలాంటిదే ఇంకో లాగ్ పంపే ప్రోగ్రామ్) కావాలంటే వాడుకోండి, తేలికగా ఉంటుంది. కాకపోతే దాని బఫర్ డిఫాల్ట్‌గా మెమరీలో ఉంటుంది, ఫైల్‌సిస్టమ్‌కి మార్చడం మరిచిపోకండి.

ఆ మిషన్ పాస్‌వర్డ్‌లు, ఎస్‌ఎస్‌హెచ్ కీలు మిగతా సర్వర్లవి కాకూడదు. లోపలికి వచ్చినవాడు ముందు చేసే పని లాగ్ తుడవడం. ఒకే కీతో అన్నీ తెరుచుకుంటే సెంట్రల్ కాపీ ఉండీ లేనట్టే. 514 పోర్ట్‌ని ఇంటర్నెట్‌కి తెరవొద్దు. ఇంకొకటి, సెంట్రల్ మిషన్ తన సొంత లాగ్‌ని తనకే పంపుకోకుండా చూడండి. పంపడం విఫలమైందన్న మెసేజ్‌ని మళ్ళీ పంపబోయి, అదీ విఫలమై, అలా గుండ్రంగా తిరుగుతూ క్యూ నిండిపోతుంది.

అలర్ట్‌లు పెట్టేటప్పుడు ఎర్రర్ వస్తే చెప్పమని అందరూ పెడతారు. ఏమీ రాకపోతే చెప్పమని కూడా పెట్టండి. ఆర్‌సిస్‌లాగ్‌లో మార్క్ మాడ్యూల్ ఆన్ చేస్తే డిఫాల్ట్‌గా 20 నిమిషాలకోసారి ఒక లైన్ రాస్తుంది. ఏ సర్వర్ నుంచైనా 45 నిమిషాలుగా ఒక్క లైనూ రాలేదంటే మీకు మెసేజ్ రావాలి. ఇంపీస్టాట్స్ మాడ్యూల్ క్యూలో ఎన్ని ఆగి ఉన్నాయో, ఎన్ని పారేసిందో అంకెలు ఇస్తుంది, దాన్నీ గ్రఫానాలో పెట్టండి.

అంతా అయ్యాక ఒక పరీక్ష పెట్టండి. ఒక సర్వర్ నుంచి లాగర్ కమాండ్‌తో 1 నుంచి 5000 దాకా అంకెలు వేసిన మెసేజ్‌లు పంపే చిన్న లూప్ నడపండి. మధ్యలో సెంట్రల్ మిషన్‌లో ఆర్‌సిస్‌లాగ్ ఆపేయండి. కాసేపు ఆగి, పంపే సర్వర్‌ని కూడా ఒకసారి రీబూట్ చేయండి, రీబూట్ అయ్యాక మిగతా అంకెలు పంపండి. తర్వాత సెంట్రల్ మొదలుపెట్టి, ఏ అంకె తప్పిపోయిందో చూడండి. రెండుసార్లు వచ్చినవి ఒకటీ అరా ఉంటే ఫర్వాలేదు, తప్పిపోయినవి ఉండకూడదు. చిత్తూరు రిలే మీద ఇదే పరీక్ష నెట్ కేబుల్ తీసి చేయండి.

ముందుగా మీ సర్వర్లలో బాగా బిజీగా ఉండే దాంట్లో ఒక రోజు లాగ్ సైజు, అందులో లైన్ల సంఖ్య, వార్ పార్టిషన్‌లో ఖాళీ, ఈ మూడూ ఇక్కడ పెట్టండి. వ్యక్తిగత వివరాలున్న లైన్లు మాత్రం అతికించొద్దు. ఆ అంకెలు చూసి ఒక్కో సర్వర్‌కి క్యూ ఎంత పెట్టాలో లెక్క వేసి చెప్తాను.